మొదటి నీరు: గ్రామముల మంచినీటి చెరువుల రక్షణమును గూర్చి యుపన్యాసము

పురపాలక సంఘముల యధికారులును, తహశీల్దారులును, మండల పరిషత్తుల యుద్యోగులును, పంచాయతీ కార్యదర్శులును కూడియున్న ఈ సభయందు మంచినీటి చెరువులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటకు నాకవకాశము లభించినది. నేను వైద్యుడను గాను, ఇంజనీరును గాను. వైద్యశాఖయందు భాషాంతరీకరణము నా వృత్తి. ఇంగ్లీషున వచ్చు సర్క్యులర్లను, రిపోర్టులను, ప్రకటనలను తెలుగు చేసి మీకు పంపుట నా పని. ఇట్టివాడు నీటిని గూర్చి చెప్పనేల యని మీకు తోచవచ్చును. రిపోర్టును చదువువాడు త్వరగా చదివి ప్రక్కన బెట్టవచ్చును గాని, దానిని తెలుగు చేయువాడు ప్రతి వాక్యము కడను నిలువవలసియుండును. అట్లు నిలిచి చదువగా చదువగా, ఊరు మారి, తేదీ మారి, ఒకే సంగతి మరల మరల కనబడుచుండును. ఆ సంగతిని నేడు మీ యెదుట నుంచదలచితిని.

నీటివలన గలుగు జబ్బులు మన దేశమున సంవత్సరము పొడుగునను ఒక్క తీరుగ రావు. కలరాయు, అతిసారమును, టైఫాయిడును, పచ్చకామెర్లును తొలకరి వానలతోను, వరదలతోను, కాలువలకు క్రొత్తనీరు వదలిన దినములతోను విజృంభించును. కావున చెరువులోనికి ఎంత నీరు రావలెనని యోచించుటతో అధికారి విధి తీరదు. ఏ నీరు రాకూడదో నిర్ణయించుట అతని మొదటి విధి. ఆ రాకూడని నీరు మొదటి నీరు. ఈ యుపన్యాసమున నేను చెప్పబోవునదంతయు ఈ యొక్క వాక్యమునకు వ్యాఖ్యానము.

ముందుగా మన వాడుకలోని మూడు మాటలను విచారింతము. మన గ్రామములందు త్రాగెడు నీటిని మంచినీరందురు. ఆ నీరు నిలుచు చెరువు మంచినీటి చెరువు. ఇది ఉప్పునీటినుండి వేరుచేయుటకు బెట్టిన పేరు. రుచి ఉప్పన గాదని మాత్రమే దాని యర్థము. కాని పేరు మంచిదగుటచేత నీరును మంచిదేయని జనులు నమ్ముదురు. రెండవ మాట మురుగు. పొలములోని మిగులు నీటిని తీసికొనిపోవు కాలువయు మురుగుకాలువయే, ఇండ్లనుండి మలినము తీసికొనిపోవు కాలువయు మురుగుకాలువయే. ఇంగ్లీషున డ్రెయిను, సూయరు అని రెండు మాటలున్నవి, మనకు ఒక్కటే. భాషలో నివి కలసిపోయినట్లే, నేలమీదను కలసిపోవుచున్నవి. మూడవ మాట ఆయకట్టు. చెరువు క్రింద, కాలువ క్రింద సాగగు భూమికి ఆయకట్టని పేరు. అది సెంటుతో సహా రికార్డులలో నుండును, ఏలయన దానిపై పన్ను గలదు. చెరువునకు పైనుండి ఏ భూమి యొక్క వాననీరు దానిలోనికి దిగునో, ఆ భూమికి రికార్డులలో నంతటి స్పష్టమైన పేరును లేదు, లెక్కయు లేదు. మనకు నీరు పోవుచోటు తెలియును, వచ్చుచోటు తెలియదు. ప్రజారోగ్యమునకు కావలసినది రెండవది.

ఇక దృష్టాంతమునకు కృష్ణా గోదావరి డెల్టాలను గైకొనెదను. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియయ్యెను. బెజవాడ ఆనకట్టకు బదులుగా ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చెను. ఈ కట్టడములనుండి బయలుదేరు కాలువలు పొలమునకు మాత్రమే గాక గొంతునకును నీరందించుచున్నవి. సముద్రతీరమునకు దగ్గరగా పెక్కు గ్రామములలో నూతినీరు ఉప్పన. కావున కాలువ పారుచుండగా చెరువు నింపుకొని, వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఆ నిలువనీటితో గడపుట అచ్చటి పద్ధతి. ఆ నీరే యిసుక ఫిల్టరుల గుండ వడిసి, ఎత్తు ట్యాంకునకెక్కి, కుళాయిలలో దిగుచున్నది. కుళాయి క్రొత్తది, చెరువు పాతదే.

కాలువ కట్టివేసిన దినములలో దాని గర్భమున నేమి జరుగునో చూడుడు. నీరింకి గుంటలు మిగులును. వానిలో గేదెలు పొరలును. గట్టుమీది యిండ్ల తూములు అందులోనికే తెరచుకొనియుండును. చెత్తయు, చచ్చిన పశువులును, కోళ్ల వ్యర్థములును అచ్చటనే చేరును. గుర్రపుడెక్క యెండి క్రుళ్లును. జూన్ మాసమునందో, నీటి లభ్యతను బట్టి మరికొంత తరువాతనో తలుపులెత్తినప్పుడు, క్రొత్తనీరు ఈ రెండు నెలల సంచయమునంతను ముందునకు నెట్టుకొనుచు వచ్చును. నల్లనై, నురుగుతో, వాసనతో వచ్చు ఆ నీటిని చూడనివారు డెల్టాలో లేరు. అదే సమయమున చెరువులు అడుగంటియుండును, జనులు దాహముతో నుందురు. కావున తూము వెంటనే తెరచుట స్వభావము. అపాయమంతయు ఈ రెండును ఒకే దినమున సంభవించుటయందే యున్నది.

మెట్ట ప్రాంతమునందును ఇదే న్యాయము. అచ్చట కాలువకు బదులు వాగు. తలుపులెత్తుటకు బదులు తొలివాన. ఎండకాలమంతయు పొలములపై నిలిచిన పెంటయు, వీధుల మలినమును, పురుగుమందు డబ్బాల శేషమును, పైరుకు మిగిలిన యెరువును, మొదటి పెద్దవానతో వాగులోనికిని, వాగునుండి చెరువులోనికిని దిగును. మూడవ వాననాటికి అదే వాగున నీరు చాలవరకు తేరుకొనును. అందుచేత వాన యంతయు నొక్కటి గాదు. దానిలో మొదటి భాగము నేలను కడిగిన నీరు. తరువాతి భాగము చెరువును నింపవలసిన నీరు.

ఈ నీటిలోని మాలిన్యము మూడు విధములు. మూటికిని చికిత్స వేరుగనుక వీనిని కలిపి చెప్పరాదు. మొదటిది క్రిములు: మనుష్య మలమునుండి వచ్చు కలరా, టైఫాయిడు, కామెర్ల బీజములు. వీనికి క్లోరినును, కాచుటయు మందు. రెండవది బురదయు, పాచియు. ఇవి స్వయముగా చంపవు గాని క్రిములకు డాలువలె నుండును. క్లోరినును తామే మ్రింగివేయును. ఇసుక ఫిల్టరుల నడ్డగించును. మూడవది కరగియున్న పదార్థములు: నత్రజని యెరువునుండి నైట్రేటు, పురుగుమందుల శేషము, లోహములు. వీనిని క్లోరిను తీయదు. కాచినచో నీరు ఆవిరియై తగ్గుటచేత నైట్రేటు మరింత చిక్కనగును. త్రాగునీట నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. అంతకు మించిన నీటితో పాలు కలిపి పట్టినయెడల ఆరు నెలల లోపు శిశువుల రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని గోల్పోయి దేహము నీలవర్ణమగుట గలదు. నీరు కాచితిమి గదా యని తల్లి నిశ్చింతగా నుండును. ఆ నిశ్చింత యిచ్చట పనికిరాదు.

మన పెద్దలు చిల్లగింజను కుండలో నరగదీసి బురదను దించుచుండిరి. అది మంచి యాచారము. రెండవ విధపు మాలిన్యమునకది పనిచేయును. కాని నీరు తేటపడుట వేరు, నిర్దోషమగుట వేరు. 1884లో కలకత్తాలో రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు కలరా బీజమును ఒక చెరువు నీటియందు కనుగొనెను. ఆ చెరువు చుట్టును కాపురముండు జనులు ఆ నీటనే స్నానము చేయుచు, బట్టలుతుకుచు, ఆ నీటినే త్రాగుచుండిరి. వారిలోనే కలరా వ్యాపించియుండెను. కాక్‌కు సూక్ష్మదర్శిని చూపినదానిని అచ్చటి వారికి కన్ను చూపలేదు.

చివర మందు వేయవచ్చును గదా, మొదట నీరు ఆపనేల యని యొక వాదము గలదు. దీనికి ఢిల్లీ నగరము ప్రత్యుత్తర మిచ్చియున్నది. 1955వ సంవత్సరాంతమున యమున తన పాయ మార్చుకొనగా, నజఫ్‌గఢ్ మురుగుకాలువ నీరు వెనుకకు తిరిగి వజీరాబాదు నీటి కేంద్రము నోటికే చేరెను. ఉద్యోగులు ఆలస్యము చేయలేదు. పటికయు, క్లోరినును హెచ్చించిరి. ఫలితముగా టైఫాయిడు మొదలగునవి ప్రబలలేదు. కాని 1955 డిసెంబరునుండి 1956 జనవరి వరకు సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చెను. ఆ వ్యాధి బీజము హెపటైటిస్ ఇ యని చాలకాలమునకు గాని తేలలేదు. గర్భిణీ స్త్రీలకది విశేష ప్రాణాంతకము. దేశ రాజధానియందు, శిక్షణ పొందిన సిబ్బంది చేతులలో, మందు హెచ్చించియు ఆపజాలని దానిని, ఒక పంచాయతీ నీటి పనివాడు బ్లీచింగు పౌడరు డబ్బాతో ఆపునని యాశించుట న్యాయముగాదు. నీరు లోనికి వచ్చుచోటనే విచారణ జరుగవలెను.

బ్లీచింగు పౌడరు అక్కరలేదని నా భావము గాదు. తేటనీటికి అది యమోఘము. క్రొత్త పౌడరున నూటికి 33 పాళ్ల క్లోరినుండును. వేయి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు సాధారణ మోతాదు. మూతలేని డబ్బాలో, తడిగదిలో నుంచినచో దాని సత్తువ దినదినము క్షీణించును. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైన మిగులు క్లోరినుండవలెనని ప్రమాణము. బురదనీటిలో ఈ మిగులు నిలువదు. పనివాడు మోతాదు ప్రకారము వేసెను, రిజిస్టరులో వ్రాసెను, కుళాయి యొద్ద శూన్యము. దోషము పనివానిది గాదు. తూము తెరచిన తేదీది.

ఇక చేయవలసిన పని. మొదటి నీటిని విడిచిపెట్టుడని యనుట సులభము. ఎండిన చెరువు గట్టుమీద ఖాళీ బిందెలతో నిలిచిన స్త్రీల యెదుట ఈ మాట యనుట యెంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆనాడు మీకు వేరు మార్గముండదు. కావున మొదటి నీటిని త్రోసిపుచ్చు స్వాతంత్ర్యమును మూడు నెలల ముందే సంపాదించుకొనవలెను. అది చెరువులోని పాతనీటి నిలువవలన గలుగును.

దీని లెక్క కష్టమైనది గాదు. 3,000 జనాభా గల గ్రామమును తీసికొందము. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషను ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్లు. అనగా దినమునకు 1,65,000 లీటర్లు; పది దినములకు 16,50,000 లీటర్లు. ఒక యెకరము విస్తీర్ణముగల చెరువులో ఇది మూరెడు లోతునకు కొంచెము తక్కువ. ఎండకిగురునదియు, నేలకింకునదియు చేర్చి, అడుగున పూడికతో కలసిన నీటిని లెక్కకు తీసివేసి, బురదపైన మూరన్నర మంచినీరు మిగిలియున్నచో ఆ గ్రామము పది దినములు మొదటి నీటికి చేయిచాపనక్కరలేదు. ఆ పది దినములే మనకు కావలసినవి. కావున కాలువ కట్టివేయుటకు ముందు చెరువు నిండినదా యని యడుగుట చాలదు. ప్రతి చెరువునను కొలతరాయి పాతించి, దానిపై మూరన్నర యెత్తున ఎఱ్ఱగీత గీయింపుడు. నీరు ఆ గీతకు దిగినయెడల అది క్రొత్తనీటి వరకు కాపాడవలసిన నిలువయని పంచాయతీకిని, ప్రజలకును తెలియవలెను. చెరువు యెకరముకంటె చిన్నదైనచో గీత పైకి, పెద్దదైనచో క్రిందికి వచ్చును, లెక్క ఇదే.

ఎన్ని దినములు కాలువ నీటిని విడిచిపెట్టవలెననుట ఊరూరికి వేరు. కాలువ మొదట నున్న గ్రామమునకు తక్కువ, చివర నున్న గ్రామమునకు ఎక్కువ. ప్రతిదినము ఒక తెల్లని గాజు సీసాలో కాలువ నీరు పట్టి అచ్చుకాగితము ముందుంచి చూడుడు. అక్షరములు స్పష్టముగ గన్పట్టువరకు తూము తెరువవద్దు. అటుపిమ్మట పరీక్షా కిట్టుతో చూచి, నమూనా నొకదానిని ప్రయోగశాలకు పంపుడు. సీసా పరీక్ష క్రిములను చూపదు; తెరువరాదను మాటకే అది సాక్ష్యము, త్రాగవచ్చునను మాటకు గాదు.

చివరి గ్రామములను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. వారికి నీరు ఆలస్యముగ వచ్చును, మలినముతో వచ్చును, త్వరగా నిలిచిపోవును. మొదటి నీరు విడిచిపెట్టినచో రెండవ నీరు వచ్చునను నమ్మకము వారికి లేదు. ఆ భయము నిష్కారణమైనది గాదు. అందుచేత తహశీల్దారులు నీటిపారుదల యింజనీరులతో ముందే వ్రాతమూలకముగ నేర్పాటు చేసికొని, చివరి చెరువులకు మొదటి ప్రవాహము తగ్గిన తరువాత నిన్ని దినములు వంతు గలదని తేదీలతో ప్రకటింపవలెను. ఈ హామీ లేనిదే చివరి గ్రామము మొదటి నీటికే తూము తెరచును. దానిని తప్పు పట్టుటకు మనకధికారము లేదు.

రెండవ పని, చెరువు పైభూమిని తెలిసికొనుట. ఆయకట్టు పటము వలె ప్రతి మంచినీటి చెరువునకును పైభూమి పటమొకటి యుండవలెను. దీనికి గొప్ప సర్వే యక్కరలేదు. తొలి పెద్దవాన కురిసిన గంటలోపల, గొడుగు పట్టుకొని, పంచాయతీ కార్యదర్శియు, ఆరోగ్య కార్యకర్తయు, గ్రామ సర్వేయరును చెరువునుండి నీరు వచ్చిన త్రోవనే పైకి నడువవలెను. ఏ పెంటకుప్ప కరగుచున్నదో, ఏ మరుగుదొడ్డి గుంట పొరలుచున్నదో, ఏ చేపలచెరువు తూము కాలువలోనికి తెరచియున్నదో, ఏ రేవులో మందు కొట్టు యంత్రములు కడుగుచున్నారో అవన్నియు ఆ గంటలో కన్పట్టును. ఎండనాడు చేసిన తనిఖీ యిందుకు పనికిరాదు. అటుపిమ్మట గట్టు వెలుపల చిన్న మళ్లింపు కాలువ త్రవ్వించుట, పెంటకుప్పల నెత్తునకు మార్పించుట, వాగు నోట గడ్డిపట్టీ పెంచుట, పశువులకు వేరు గుంట చూపుట మొదలగునవి పంచాయతీ నిధులతో నగునవియే.

రైతులతో మాటలాడునపుడు నేరము మోపి మాటలాడరాదు. వానకు ముందునాడు చల్లిన యూరియాలో నధికభాగము రైతు పైరునకు జేరదు. అతని సొమ్మే చెరువులో పాచియై తేలుచున్నది. ఆ పాచి పగలు నీటికి ప్రాణవాయువునిచ్చినను రాత్రి తానే దానిని పీల్చుకొనుటచేత తెల్లవారుసరికి చేపలు తేలును. ఈ నష్టము రైతుదియు, చేపల పెంపకందారుదియు, త్రాగువానిదియు. మాట ఈ విధముగ మొదలిడినయెడల వినువారుందురు.

మూడవ పని పురపాలక సంఘములది. పట్టణపు హద్దు పటముమీద నున్నది గాని నీటిమీద లేదు. కొల్లేరును చూడుడు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులును, డెల్టా మురుగుకాలువలును, పట్టణముల మలినమును అందు దిగి, ఉప్పుటేరు మీదుగా సముద్రమునకు బోవును. 1999లో అది అభయారణ్యముగ ప్రకటింపబడెను. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కెను. 2006లో సరస్సు లోపలి చేపలచెరువుల గట్లను ప్రభుత్వము కొట్టించెను. ఇవన్నియు సరస్సు లోపలి చర్యలు. పైనుండి వచ్చు నీరు మారనిదే లోపల నెన్ని ప్రకటనలు వెలువడినను ఆ నీరు స్వచ్ఛము గాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినపుడు, పట్టణపు మలినమంతయు గలసిన ఆ వరదకు క్రిందున్న త్రోవ కొల్లేటి వైపే. మీ పట్టణపు సెప్టిక్ ట్యాంకులను తోడు లారీ రాత్రివేళ ఎచ్చట ఖాళీయగుచున్నదో ప్రతి కమీషనరును తన సిబ్బంది నడుగవలెను. దాని ప్రయాణము కాలువ గట్టున ముగిసినచో, ఒక గ్రామపు చెరువునకు మొదటి నీటిని తయారు చేయుచున్నది పురపాలక సంఘమేయని గ్రహింపవలెను.

ఇది మా శాఖది గాదను మాట ఈ విషయమున చెల్లదు. మద్రాసు ప్రజారోగ్య చట్టము 1939లో వచ్చెను. జలకాలుష్య నివారణ చట్టము 1974లోను, ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము 2002లోను వచ్చెను. 1992 నాటి రాజ్యాంగ సవరణచే చేరిన పదునొకండవ షెడ్యూలునందు త్రాగునీరు పంచాయతీల విషయముగ వ్రాయబడియున్నది. చట్టము లేక చెరువులు చెడలేదు. రెవిన్యూ వారి పటము, నీటిపారుదల వారి తేదీ, వ్యవసాయము వారి సలహా, ఆరోగ్యము వారి పరీక్ష నాలుగును నాలుగు కాగితములపై నుండుటచేత చెడినవి. వానికి ముందు ప్రతి సంవత్సరము మే మాసమున మండలమునకొక్క సమావేశము జరిపి, నాలుగు కాగితములను ఒక్కటి చేయుట చాలును.

రిజిస్టరు విషయము. 2020 డిసెంబరులో ఏలూరున 600 మందికి పైగా మూర్ఛలతోను, వాంతులతోను ఆసుపత్రి చేరిరి. కొందరి రక్తమున సీసము, నికెలు కన్పట్టెను. నీటిమీదను, ఆహారముమీదను, పురుగుమందులమీదను సందేహములు గలిగెను. అట్టి దినమున వైద్యులడుగు మొదటి ప్రశ్న యేది? నిన్నటివరకు నీరెట్లుండెనని. మామూలు దినములలో నమూనా తీసియుంచనివారు ఆపద దినమున పోల్చి చూపజాలరు. కావున వానకు ముందొకసారి, మొదటి నీరు దాటిన పిమ్మట నొకసారి, వానలు వెనుకబట్టిన పిమ్మట నొకసారి పరీక్ష చేయించి, సంఖ్యలను తేదీతో వ్రాసియుంచుడు. బాగున్నదని వ్రాసిన రిజిస్టరు ఎవరికిని పనికిరాదు. సంఖ్య వ్రాసిన రిజిస్టరు పది సంవత్సరముల తరువాతను సాక్ష్యము చెప్పును.

నా వృత్తికి సంబంధించిన మనవి యొకటి మిగిలియున్నది. ప్రకటనల భాషను గూర్చి. కార్యాలయమున మనము వ్రాసికొను భాష వేరు, చెరువుగట్టున వ్రేలాడదీయవలసిన భాష వేరు. కలుషిత జలమును సేవింపరాదు, క్లోరినీకృత జలమునే వినియోగింపవలయును అని పలకమీద వ్రాసినచో చదువు వచ్చినవాడును ఆగి చూడడు. జనులు బ్లీచింగును మందందురు. కాలువ తెరచుటను నీళ్లు వదలుట యందురు. ఆ మాటలతోనే వ్రాయుడు: "కాలువకు నీళ్లు వదిలారు. ఈ నీళ్లు ఇంకా చెరువులోకి పెట్టలేదు. చెరువులో ఉన్నవి పాత నీళ్లు. మందు కలిపాము. కాచి తాగండి." దాని క్రింద తేదీ వ్రాయుడు. తేదీ లేని ప్రకటన ఉత్తరువు. తేదీ గల ప్రకటన సమాచారము. సమాచారము తెలిసిన జనులే తూము తెరువుమని యొత్తిడి చేయుట మానుదురు, కొన్ని చోట్ల తూమునకు తామే కాపలా యుందురు.

ఇంత శ్రమ పడినను ఫలించునా యను సందేహమునకు నారికురుపు జవాబు. దిగుడుబావులలో కాళ్లతో దిగి నీరు ముంచుకొనుట వలన ఆ వ్యాధి పూర్వము మన జిల్లాలలోను, రాజస్థానము, కర్ణాటకము మొదలగు రాష్ట్రములలోను పెక్కుమందిని మంచమున బెట్టుచుండెడిది. దానికి టీకా లేదు, లోపలికిచ్చు మందు లేదు. దిగుడుబావుల మెట్లు మూయించుట, నీరు గుడ్డతో వడబోయించుట, చేతిపంపులు వేయించుట, కురుపు గలవారిని నీటిలో దిగనీయకుండుట అను నీ పనులను గ్రామ గ్రామమున చిన్న యుద్యోగులు విసుగక చేయించిరి. 1996లో దేశమున చివరి కేసు కనబడెను; 2000 ఫిబ్రవరిలో భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను. మలినము నీటిలో దిగుచోట నడ్డుపడుటయే అచ్చట జరిగిన చికిత్స.

మహాశయులారా, నేను మిమ్ము కోరునది క్రొత్త పథకము గాదు, క్రొత్త నిధులు గావు. చెరువులో ఎఱ్ఱగీత యొకటి, తొలివాననాడు పైకి నడక యొకటి, మే మాసమున సమావేశమొకటి, పలకమీద తేదీ యొకటి. ఈ నాలుగును గలచోట మొదటి నీరు వచ్చిన దినమున మీ నోట వద్దను మాట ధైర్యముగ వెలువడును. అవి లేనిచోట ఆ నీరు చెరువున చేరును, పిమ్మట బిందెలోనికిని, అటుపిమ్మట పసిబిడ్డ గిన్నెలోనికిని. తూము తాళము మీ యధీనమున నున్నది. దానిని తెరచు తేదీని దాహము నిర్ణయింపకమునుపే మీరు నిర్ణయింతురు గాక యని ప్రార్థించుచున్నాను.